అరిష్టనేమి – అనగా చెడని టైరు



మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి విశ్రాంతి తీసికొన్న తెలుగు పండితుడు టైర్ల గురించి టపా వ్రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి. కాని ఒక్క సంగతి గుర్తు చేస్తాను. గాలి నింపిన టైరుకు 1888లో పేటెంటు పుచ్చుకొన్న జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడు. కొడుకు తొక్కే మూడుచక్రాల బండి రాళ్ళబాట మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. పశువులకు మందిచ్చేవాడు టైరు చేయగా లేని తప్పు, పద్యం చెప్పేవాడు టైరు గురించి మాట్లాడితే వచ్చిందా?

మొదట మాట సంగతి. చక్రపు అంచుకు సంస్కృతంలో నేమి అని పేరు. అమరకోశం ప్రధి అనే మరో మాట కూడా ఇస్తుంది. ప్రతి ఆంగ్లపదానికీ ఒక తెలుగు మాట పుట్టించాలని తపించే మిత్రులు మనలో ఉన్నారు. వారు టైరును నేమి అనమని నన్ను అడగవచ్చు. నేను అనను. మా మహేశ్వరంలో పంక్చరు వేసే అతనితో "నాయనా, నేమి చెడింది" అంటే, "ఏమి చెడింది సార్?" అని తిరిగి నన్నే అడుగుతాడు. జనం నోట నిలిచినది టైరు. నేను టైరనే వ్రాస్తాను.

అయినా ఆ పాత మాటను తలచుకోవడానికి ఒక కారణం ఉంది. వేదంలోని స్వస్తిమంత్రంలో తార్‌క్ష్యునికి అరిష్టనేమి అని విశేషణం. రిష్టం అంటే దెబ్బతిన్నది, అరిష్టం అంటే దెబ్బతిననిది. చక్రపు అంచు చెడనివాడు మాకు మేలు చేయుగాక అని ఋషి కోరుకొన్నాడు. రథం ఎంత గొప్పదైనా అంచు చెడితే ప్రయాణం సాగదని ఆయనకు తెలుసు. తెలుగు వాడుకలో మాత్రం అరిష్టమంటే కీడు. నేను కొత్త మోటారుసైకిలు కొంటే షోరూమువారు నాకు అరిష్టనేమినే కట్టబెట్టారు. కాకపోతే వేదంలోని అర్థంలో కాదు, తెలుగు అర్థంలో!

జరిగింది చెబుతాను. పాత బండి పద్దెనిమిదేళ్ళు మోసి అలసిపోతే దానిని ఇచ్చివేసి కొత్తది తీసికొన్నాను. నేను రోజూ పోయేది పెద్ద దూరం కాదు. ఉదయం శివగంగ గుడి దాకా, తరువాత కూరగాయలకు, మందులకు, అప్పుడప్పుడు తుక్కుగూడకు. కొని నలభై రోజులు నిండలేదు. మీటరు తొమ్మిదివందల కిలోమీటర్లు దాటలేదు. ఒక ఆదివారం ఇబ్రహీంపట్నంలో బంధువుల ఇంట శుభకార్యానికి ఇల్లాలిని వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరాను. ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్రవాహనాలను రానివ్వరు గనుక, తుక్కుగూడ దగ్గర దాని పక్కనుండే సర్వీసు రోడ్డు పట్టుకొని రావిర్యాల వైపు పోతున్నాము. వేగం నలభై దాటేసరికి వెనుకచక్రం దగ్గర దడ్, దడ్ మని తాళం తప్పని దెబ్బ మొదలైంది. వేగం పెరిగితే దెబ్బలు దగ్గరపడుతున్నాయి, తగ్గిస్తే దూరమవుతున్నాయి. బండి వెనుకభాగాన్ని ఎవరో పట్టుకొని పక్కకు లాగుతున్నట్టు ఉంది. "ఏమండీ, ఆపండి" అన్నది ఆమె. ముప్పైతొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె మాట వినని సందర్భాలు అనేకం. ఆనాడు విన్నాను.

కొంచెం దూరం బండిని నడిపించుకొంటూ పోతే ఒక పంక్చరు దుకాణం కనిపించింది. అతను బండిని సెంటర్ స్టాండు వేసి, వెనుకచక్రాన్ని చేత్తో తిప్పి, స్క్రూడ్రైవరు మొనను టైరుకు వెంట్రుకవాసి దూరంలో కదలకుండా పట్టుకొన్నాడు. చక్రం తిరుగుతూ తిరుగుతూ ఒక్క చోటికి వచ్చేసరికి టైరు ఆ మొనకు టక్కున తగిలింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అక్కడే తగిలింది. వ్రేలితో తడిమి చూపాడు. రోడ్డును తాకే భాగానికీ పక్కగోడకూ మధ్యనున్న భుజం దగ్గర అరచేయి వెడల్పున ఉబ్బు. కోత లేదు, గీత లేదు, మేకు లేదు. రిమ్ము ఎక్కడా వంగలేదు.

"సార్, రోడ్డు తప్పు గాదు ఇది. టైరే కరాబున్నది. అమ్మను ఎక్కించుకొని మాత్రం పోకుండ్రి" అన్నాడు. పైసా తీసుకోలేదు. నేను ఎన్నో ఏళ్ళు బడిలో ప్రత్యక్షప్రమాణం గురించి చెప్పాను గాని, ఇంత చక్కని ఉదాహరణ ఏనాడూ ఇవ్వలేదు.

మరునాడు షోరూముకు పోయినాను. దాని పేరు చెప్పను. బండి కంపెనీ పేరు చెప్పను, టైరు కంపెనీ పేరూ చెప్పను. చెప్పితే ఇది ఒక కంపెనీ మీద కోపంగా మిగిలిపోతుంది. నా కోపం ఒక పద్ధతి మీద. కొనేనాడు నాకు కుర్చీ వేసి, చల్లని పానీయం ఇచ్చి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపిన షోరూము అది. ఈసారి కుర్చీ లేదు. సర్వీసు చూసే అబ్బాయి మర్యాదస్తుడే. "సార్, బండికి వారంటీ మాది. టైరుకు, బ్యాటరీకి ఆ కంపెనీలదే సార్. మీరు టైరోళ్ళ దగ్గరికి పోవాలె" అన్నాడు. పుస్తకం తెరిచి చూపాడు. నిజమే. ఆంగ్లంలో, చీమ తలకాయంత అక్షరాలలో ఆ మాట ఉంది.

టైరు కంపెనీ పంపిణీదారు నగరంలో ఉన్నాడు. అక్కడికి పోతే, "ఇది బండితో వచ్చిన టైరు సార్. మా బిల్లు లేదు గదా. షోరూము నుంచే రావాలె" అన్నాడు. మళ్ళీ షోరూము. మళ్ళీ పంపిణీదారు. మూడోసారి పోయినప్పుడు ఒక పరీక్షకుడు వచ్చి, టైరును చక్రం నుంచి విప్పకుండానే ఒక్క నిమిషం చూసి, "గుంతలో పడ్డది. గాలి గూడ ఎక్కువ కొట్టిచ్చిన్రు. వారంటీ రాదు" అని తీర్పు చెప్పాడు. అదే మాట కాగితం మీద వ్రాసి ఇవ్వమన్నాను. "అట్ల రాసిచ్చుడు ఉండదు సార్" అన్నాడు. సంతకం పెట్టడానికి వెనుకాడే తీర్పును తీర్పు అనవచ్చునా?

ఇప్పుడు నా వాదం వినండి.

మొదటి అంశం, బాధ్యత ఎవరిది. నేను షోరూములో టైరు కొనలేదు, మోటారుసైకిలు కొన్నాను. ఏ కంపెనీ టైరు వేయాలో నన్నెవరూ అడగలేదు. ఆ టైరును ఎంచినది బండి కంపెనీ. బేరమాడినది వారు, బిగించినది వారు, ధరలో కలిపి నా దగ్గర తీసికొన్నది వారు. ఎంపిక వారిది, లాభం వారిది, చెడినప్పుడు తిరుగుడు మాత్రం నాది! పెండ్లి భోజనంలో పప్పు మాడితే వంటవాడు "పప్పు కోమటిది, కట్టెలు అడితివానివి, వారిని అడుగుము" అంటే మనం ఊరుకొంటామా? విడిభాగాలన్నీ ఎవరో చేసినవే. గొలుసు ఒకరిది, దీపం ఒకరిది, తీగలు ఒకరివి. వాటన్నిటికీ బాధ్యత వహించేవారు, మనిషి ప్రాణాన్ని నేలతో కలిపి ఉంచే ఆ అరచేతి వెడల్పు రబ్బరుకు మాత్రం బాధ్యత లేదంటారు. తిలాపాపం తలా పిడికెడు అని సామెత. ఇక్కడ పంచుకోవడానికి పిడికెడు పాపం కూడా ఎవరూ ముందుకు రావడం లేదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చింది. వస్తువు వల్ల మనిషికో, అతని ఇతర ఆస్తికో హాని జరిగితే ఎవరు జవాబుదారీ అని చెప్పే భాగం అందులో ఉంది. అక్కడ తయారీదారు అనే మాటకు నిర్వచనం ఇస్తూ, ఇతరులు చేసిన భాగాలను కూర్చేవాడు కూడా తయారీదారే అన్నారు. నిర్వచనాలతో జీవితం గడిపినవాడిని గనుక ఈ వాక్యం నాకు ఎంతో నచ్చింది. హాని జరిగిన తరువాత కూర్చినవాడు తయారీదారు అయినప్పుడు, హాని జరగకముందు మాత్రం "నేను కాదు, వాడు" అనడం ఏ న్యాయం? ఇక హాని జరగకపోయినా, వస్తువులో లోపముంటే దానిని సవరించమనీ, మార్చి ఇమ్మనీ, సొమ్ము తిరిగి ఇమ్మనీ ఆదేశించే అధికారం జిల్లా కమిషనుకు ఉంది. అమ్మినవారినీ చేసినవారినీ కలిపి ప్రతివాదులుగా చేర్చవచ్చు.

రెండో అంశం, వారు చెప్పిన సాకులు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, టైరు చెడితే రోడ్డు ఓడు. నేను మొండివాదం చేయను. ప్రతి ఉబ్బూ తయారీ లోపం కాదు. వేగంగా పోతూ గుంత అంచును కొడితే టైరు రోడ్డుకూ రిమ్ముకూ మధ్య నలిగి, లోపలి నైలాను దారాలు తెగుతాయి. దారాలు తెగినచోట గాలి ఒత్తిడికి రబ్బరు ఉబ్బుతుంది. అట్టి టైరుకు కంపెనీ ఉచితంగా మరొకటి ఇవ్వాలని నేను అనను. కాని అట్టి దెబ్బ ఆనవాళ్ళు మిగులుస్తుంది. సాధారణంగా ఉబ్బు పక్కగోడ మీద వస్తుంది. వెలుపల నలిగిన గుర్తు గాని, రిమ్ము అంచున నొక్కు గాని కనబడుతుంది. టైరును విప్పి లోపల చూస్తే దారాలు తెగినచోటు తెలుస్తుంది. తయారీలో వచ్చే లోపాలు వేరు. టైరును కట్టేటప్పుడు పొరల అతుకు సరిగా పడకపోవడం, పొరల మధ్య గాలి గాని తడి గాని చిక్కుకొనిపోవడం, అచ్చులో వేడి చాలక రబ్బరు సరిగా ఉడకకపోవడం వంటివి. అప్పుడు కొద్ది రోజుల పరుగుకే పొర పొర నుంచి విడిపోతుంది. వెలుపల గాయం ఉండదు, లోపల వాపు ఉంటుంది. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే టైరును విప్పాలి. విప్పకుండా తీర్పు చెప్పినవాడు పరీక్షకుడు కాడు, ముందే వ్రాసిపెట్టిన సమాధానాన్ని చదివి వినిపించేవాడు.

గాలి సంగతి. గాలి ఎక్కువైతే టైరు నడుమ అరుగుతుంది, పట్టు తగ్గుతుంది, గుంతల దెబ్బకు త్వరగా గాయపడుతుంది. నిజమే. కాని దారాలకు అసలు శత్రువు తక్కువ గాలి. గాలి తక్కువైతే పక్కగోడ ప్రతి చుట్టుకూ మడత పడి లేస్తుంది. మడతకు వేడి పుడుతుంది. వేడికి పొరల పట్టు సడలుతుంది. నేను గాలి ఎక్కువ కొట్టించానని అన్న పరీక్షకుడు మీటరు పెట్టి చూడలేదు. చూసినా, ఎండలో పది కిలోమీటర్లు నడిచి వచ్చిన టైరులో గాలి వేడెక్కి ఒత్తిడి పెరిగి ఉంటుంది. గాలిని కొలవవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడు. ఒక్కరు పోయేటప్పుడు ఎంత, వెనుక మనిషి ఉన్నప్పుడు ఎంత అనే రెండు లెక్కలూ బండి పుస్తకంలో ఉంటాయి. కొనేనాడు శాలువా కప్పినవారు ఆ రెండు అంకెలు చెప్పి ఉంటే శాలువా కన్న మేలు చేసినవారయ్యేవారు.

ఇంకొక న్యాయమైన సందేహం కూడా తీర్చుకోవాలి. టైరు రిమ్ములో సరిగా కూర్చోకపోయినా చక్రం ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. దానిని కనిపెట్టడం తేలిక. రిమ్ము అంచుకు కొంచెం పైన టైరు చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య ఎడం చుట్టూ సమానంగా ఉంటే టైరు సరిగా కూర్చున్నట్టు. ఒకచోట గీత లోపలికి మునిగితే, గాలి తీసి మళ్ళీ కూర్చోబెట్టాలి. నా చక్రానికి ఆ గీత చుట్టూ సమంగానే ఉంది. మీ కొత్త బండి వణికితే కోపగించుకోవడానికి ముందు ఇది చూడండి. తప్పు మనదో ఎదుటివానిదో తేల్చుకొన్న తరువాతనే కోపానికి విలువ.

మూడో అంశం, చదువు. టైరు మీద వ్రాత ఉంటుందని మనకు తెలుసు గాని చదవము. శాసనాలు చదవడానికి గుళ్ళ చుట్టూ తిరిగినవాడిని, నా బండి మీది శాసనాన్ని నలభై రోజులు చదవలేదు. సిగ్గుపడి ఇప్పుడు చదివాను. మీకూ చెబుతాను.

80/100-18 అని ఉంటే టైరు వెడల్పు 80 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు పాళ్ళు, రిమ్ము అడ్డుకొలత 18 అంగుళాలు. పాత పద్ధతిలో 2.75-18 అని ఉంటే వెడల్పు కూడా అంగుళాలలోనే. దాని పక్కన 42పి, 47పి, 48పి అన్నట్టు ఒక అంకె, ఒక ఆంగ్లాక్షరం ఉంటాయి. అంకె బరువుకు సంకేతం. 42 అంటే ఆ ఒక్క టైరు మోయగలిగేది 150 కిలోలు, 47 అంటే 175, 48 అంటే 180, 52 అంటే 200. అక్షరం వేగానికి సంకేతం. పి అంటే గంటకు 150 కిలోమీటర్లు, ఎల్ అంటే 120, జె అంటే 100. తిరిగే దిక్కు తెలిపే బాణం గుర్తు ఉంటే అది బండి ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే వైపు చూడాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. మన దేశంలో టైర్లకు దీనిని తప్పనిసరి చేస్తూ 2009లో ఉత్తర్వు వెలువడింది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు వర్తించే ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 15627. గాడి అడుగున చిన్న దిమ్మెలుంటాయి. అరుగుదల వాటి మట్టానికి వస్తే టైరు ఆయువు తీరినట్టు. ఇక అన్నిటికన్న ముఖ్యమైనది నాలుగంకెల జన్మపత్రం. 1821 అని ఉంటే 2021వ సంవత్సరం 18వ వారంలో పుట్టిన టైరు. జాతకాలు చూడకుండా పెండ్లి చేయని జనం, జన్మవారం చూడకుండా టైరు కొంటున్నాము.

చదువు గురించి ఇంకొక మాట. మన నేల మీద టైర్లు తయారవుతున్నాయి. సదాశివపేటలో ఎమ్మారెఫ్ కర్మాగారం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చినపాండూరు దగ్గర 2020లో అపోలో కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. నా టైరు వీరిదని అనడం లేదు. చెప్పవచ్చినది వేరు. తెలుగు చేతులు చేసిన టైర్లు తెలుగు ఊళ్ళలో తిరుగుతున్నాయి. వారంటీ షరతులు మాత్రం తెలుగులో నాకు ఒక్కచోట కనబడలేదు. అమ్మేటప్పుడు గోడమీది ప్రకటన తెలుగు, ఆంక్షలు మాత్రం ఆంగ్లం. తెలుగులో పొగిడి ఆంగ్లంలో తప్పుకొనే విద్య ఇది.

నాలుగో అంశం, మరో టైరు ఎంచుకోవడం. వివాదం తేలేదాకా బండిని ఆపుకొనే స్తోమత అందరికీ ఉండదు. చెడిన టైరు మీద తిరగడం అంతకన్న తప్పు. కాబట్టి సొంత సొమ్ముతో ఒక టైరు కొన్నాను, రశీదు భద్రపరచాను. ఆ చెడిన టైరు ఇప్పుడు నా పుస్తకాల గదిలో, నిఘంటువుల బీరువా పక్కన, ఎండ తగలకుండా ఉంది. అది నా సాక్షి. రశీదు ఇవ్వకుండా దానిని ఎవరికీ అప్పగించను. మీరూ అప్పగించకండి.

మొదటి దుకాణంలో టైర్లు రేకు చూరుకు వ్రేలాడుతూ ఎండలో మెరుస్తున్నాయి. కొన్నిటికి మెరుగునూనె పూసి ఉంది. ఎండకు, గాలిలోని ఓజోనుకు రబ్బరు ఎండి సన్నని పగుళ్ళు వేస్తుంది. మెరుగునూనె ఆ పగుళ్ళను మన కంటికి కనబడనీయదు. నాకు చూపిన "కొత్త" టైరు మీద 1821 అనే అంకె ఉన్నది ఆ దుకాణంలోనే. నాలుగేళ్ళు పైబడిన సరుకు. "ధర తగ్గిస్త సార్" అన్నాడు. "ఆయుష్షు పెంచగలవా?" అన్నాను. రెండో దుకాణంలో వెడల్పు టైరు వేసుకొమ్మన్నారు, బండి "లుక్కు" పెరుగుతుందట. రిమ్ము వెడల్పు మారకుండా టైరు వెడల్పు పెంచితే టైరు అంచులు లోపలికి ముడుచుకొని దాని రూపం మారుతుంది. మలుపు తిరగడం బరువెక్కుతుంది. గొలుసుకో మడ్‌గార్డుకో రాసుకొనే ప్రమాదమూ ఉంటుంది. ఛందస్సులో గణం చాలదని యతిస్థానాన్ని జరిపితే ఏమవుతుందో ఇదీ అంతే. బండి తయారైనప్పుడు ఏ కొలత ఇచ్చారో ఆ కొలతనే తీసికొన్నాను. బరువు అంకె, వేగపు అక్షరం పాతదానికి తగ్గకుండా చూశాను. పుట్టి మూడు నెలలైన సరుకు, లోపల చీకటి గదిలో నిలబెట్టి ఉంచినది, మూడో దుకాణంలో దొరికింది.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. నా బండివి పోతపోసిన చక్రాలు, ట్యూబులేని టైర్లు. కాబట్టి గాలి నింపే వాల్వు కూడా కొత్తది వేయించాను. మామూలు ఊచల చక్రమైతే ట్యూబు వేయవలసిందే. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టకండి. సాగిపోయిన ట్యూబు మడత పడి చిరుగుతుంది. అరిగిన టైరుకు కత్తితో కొత్త గాడులు కోసి అమ్మేవారున్నారు. గాడి లోతు పెరిగినకొద్దీ దారాల మీది రబ్బరు పలచబడుతుంది. దానిని ఊరికే ఇచ్చినా తీసికోకండి. కొత్త టైరు మొదటి నూట యాభై, రెండువందల కిలోమీటర్లు జారుడుగా ఉంటుంది. అచ్చులోనుంచి వచ్చిన నున్నదనం పోయేదాకా మలుపులలో వంచకండి, హఠాత్తుగా బ్రేకు వేయకండి. ముందు టైరు కూడా వెనుకదాని జతలోనే వచ్చింది గాని, ఒకటి చెడిందని రెండోదీ చెడినట్టు అనడం తర్కం కాదు. తిప్పి చూశాను, బాగుంది. వారానికొకసారి చూస్తున్నాను.

ఇక మిత్రులు అడిగే ప్రశ్న. "మాష్టారూ, రెండువేల చిల్లర సొమ్ము. దానికి ఇంత యుద్ధమా? కొత్త టైరు వేసుకొన్నారు గదా, వదిలేయండి."

వదిలేసేవాడినే. కాని నా దగ్గర చదువుకొన్న ఒకతను తెల్లవారుజామున పాలక్యాన్లు కట్టుకొని నగరానికి పోతాడు. నా కథ విని మాట్లాడకుండా కూర్చున్నాడు. తరువాత చెప్పాడు. అతని కొత్త బండికీ ఇట్లాగే ఉబ్బు వచ్చిందట. షోరూముకు రెండుసార్లు పోయినాడు. పోయిన ప్రతిసారీ ఒక పూట పాలు పోయినాయి. మూడోసారి పోలేదు. ఆ ఉబ్బుతోనే రెండు నెలలు తిరిగాడు. ఒకనాడు చీకట్లో, శ్రీశైలం రోడ్డు మీద, మహేశ్వరం గేటు దాటిన తరువాత టైరు పగిలింది. భుజం ఎముక విరిగి మూడు నెలలు మంచాన ఉన్నాడు. "నీ టైరు సంగతి అప్పుడే నాకెందుకు చెప్పలేదురా?" అంటే, "మీరు తెలుగు సారు గదా సార్, మీకేం తెలుస్తదనుకున్న" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకొంటున్నది. అర్జీ వ్రాయడం నేర్పింది నేనే గదా! లేఖారచన అని పరీక్షలో ఐదు మార్కులు వేశాను గాని, ఆ లేఖ ఎవరికి, ఎప్పుడు వ్రాయాలో చెప్పలేదు.

రెండువేల రూపాయలు నాకు చిన్న మొత్తమే. తిప్పి తిప్పి అలసిపోయేటట్టు చేయడం అనే పద్ధతి చిన్నది కాదు. పింఛనుదారునికి కాలం ఉంది గనుక మూడుసార్లు తిరిగాడు. పాలవానికి కాలం లేదు గనుక భుజం విరిగింది. కంపెనీలు లెక్కవేసుకొనేది ఈ అలసటనే. తిరగగలిగినవాడు తిరగకపోతే, తిరగలేనివాని పక్షాన ఇంకెవరున్నారు?

అందుచేత షోరూముకూ, బండి కంపెనీకీ, టైరు కంపెనీకీ మూడు లేఖలు తెలుగులో వ్రాసి స్పీడుపోస్టులో పంపాను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అంతదాకా పలకనివారు పదకొండో రోజున పలికారు. టైరు కంపెనీ వారు అరిగినంత మేర ధర పట్టుకొని, మిగిలినది తగ్గించి కొత్తది ఇస్తామన్నారు. కాని ముందుగా "పూర్తిగా సంతృప్తి చెందాను" అని సంతకం చేయాలట. తొమ్మిదివందల కిలోమీటర్లలో అరిగినదానికి ధర కడతాను గాని, పడని సంతృప్తికి సంతకం పెట్టను. వారు ముందు ఎందుకు కాదన్నారో, ఇప్పుడు ఎందుకు ఔనన్నారో కాగితం మీద చెప్పమన్నాను. జవాబు రాలేదు. రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు సిద్ధం చేసికొన్నాను.

దీనికి భయపడవలసినది ఏమీ లేదు. 2019 చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు ధర చెల్లించిన వస్తువుకు రుసుము లేదు. వకీలు లేకుండా మన వాదన మనమే చెప్పుకోవచ్చు. గడువు రెండేళ్ళు. లోపం ప్రయోగశాలలో తప్ప తేలదనుకొంటే, వస్తువును పరీక్షకు పంపే అధికారం కమిషనుకు ఉంది. అందుకే ఆ టైరు నా నిఘంటువుల పక్కన భద్రంగా ఉన్నది.

నేను కోరేవి నాలుగే. బండి అమ్మినవారే టైరు ఫిర్యాదు తీసికోవాలి. ఆ తరువాత టైరు కంపెనీతో తేల్చుకోవడం వారి పని. ఫిర్యాదును కాదంటే కారణం వ్రాసి, పరీక్షించినవారి సంతకంతో ఇవ్వాలి. బండి బిల్లులో చాసిసు సంఖ్యతోపాటు రెండు టైర్ల జన్మవారం కూడా వ్రాయాలి. వారంటీ షరతులు అమ్మే ఊరి భాషలో ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ కంపెనీలకు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. లేనిదల్లా ఇష్టం.

మిత్రులారా, రేపు ఉదయం బండి తీసేముందు ఒక్క రెండు నిమిషాలు వంగి మీ టైరు చదవండి. ఆ నాలుగంకెలు చూడండి, చేత్తో చుట్టూ తడమండి. వెనుక కూర్చునేవారు మన మీద నమ్మకంతో కూర్చుంటారు. మీలో ఎవరికైనా ఇట్టి అనుభవం ఉంటే వ్రాయండి, కంపెనీ పేరు అక్కరలేదు. ఎన్నిసార్లు తిప్పారో ఆ సంఖ్య చాలు.

మీ అందరి చక్రాలూ వేదంలోని అర్థంలో అరిష్టనేములగుగాక!

స్వస్తి.